పొగ గోతిలో పదకొండో సంచి

మస్కట్ పక్కన సీబ్‌లో ఒక పొగ మాంసం దుకాణంలో నేను పదేళ్లకు పైగా పనిచేశాను. మొదట నిప్పు దగ్గర, తర్వాత కత్తి దగ్గర, చివరికి రెండింటి దగ్గరా. ఇప్పుడు జగిత్యాలలో ఇంటి ముందు కూర్చుంటే, గల్ఫ్‌లో హోటల్ పనికి వెళ్లబోయే పిల్లలు వచ్చి "కాకా, ఆడ పని ఎట్లుంటది?" అని అడుగుతున్నారు. జీతమెంత, రూమ్‌లో ఏసీ ఉంటుందా అని కూడా అడుగుతారు. అవి ఏజెంటును అడగండి, ఆయన ఎలాగూ అబద్ధమే చెబుతాడు. పని సంగతి మాత్రం నేను చెబుతాను.

నేను వంటవాణ్ని కాదు. కల్లు గీసే ఇంట్లో పుట్టాను. పెళ్లయ్యేదాకా అన్నం కూడా వండి ఎరగను. అలాంటివాణ్ని అరబ్బుల పండుగ మాంసానికి కాపలా పెట్టారంటే అది నా గొప్పతనం కాదు, ఒక ఖర్జూరం చెట్టు పుణ్యం.

చెట్టు దిగి గోతిలోకి

ఎనభైల చివర్లో ఏజెంటు నాకు చెప్పింది ఒకటే మాట: "చెట్లెక్కే పని." నాకంటే బాగా చెట్టెక్కేవాడు మా మండలంలో లేడని నా నమ్మకం. మోకు కూడా మూటలో కట్టుకుని విమానమెక్కాను. బహ్లా అనే ఊళ్లో సాలిం అనే ఆయనకు ఖర్జూరపు తోట ఉంది. ఆయనే మా అర్బాబ్, అంటే యజమాని. సీబ్‌లో మాంసం దుకాణం కూడా ఆయనదే.

ఖర్జూరం చెట్టు మన ఈతచెట్టుకు పెద్దన్న. రోజూ ఎక్కి దిగుతుంటే నా చెయ్యి ఊరుకోలేదు. గీస్తే కల్లు వస్తుందా, రాదా? అదొక్కటే నా సందేహం. తాగాలని కాదు. సరే, కొంచెం తాగాలని కూడా. మూలనున్న చెట్టుకు చిన్న గాటు పెట్టి, ఖాళీ పాలపొడి డబ్బా కట్టాను. మూడో రోజు అర్బాబ్ తోటకు వచ్చి తలెత్తి చూశాడు.

"అదేంటి లచ్చన్నా?"

ఆయన మాట సగం హిందీ, సగం అరబ్బీ. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

"చెట్టుకు జ్వరం అర్బాబ్. చెడు నీళ్లు తీస్తున్నా."

డబ్బా దింపమన్నాడు. వాసన చూశాడు. ఆయనేం పసిపిల్లాడు కాదు. కారులోంచి నా పాస్‌పోర్టు తెచ్చి బానెట్ మీద పెట్టి "ఖలాస్. టికెట్" అన్నాడు. టికెట్, అంటే ఇంటికి పంపేస్తాననడం, ఆయన ఊతపదం. టీలో పంచదార తక్కువైనా అనేవాడు. కానీ పాస్‌పోర్టు బయటికి తీసింది అదే మొదటిసారి. ఇంటి దగ్గర అమ్మిన పొలం, రెండేళ్ల బిడ్డ నా కళ్ల ముందు మెదిలాయి.

నన్ను బతికించింది నా పక్కనున్న బుట్ట. ఖాళీ దొరికినప్పుడల్లా ఆకుతో అల్లుతూ ఉండేవాణ్ని. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇది నువ్వే అల్లావా?" అన్నాడు. దుకాణంలో మాంసం పొగబెట్టే గొయ్యి చూసే ముసలాయన పని మానేశాడట. మాంసం పెట్టే ఆకు సంచులు అల్లేవాడు కావాలట. "చెట్టు ఎక్కింది చాలు, దిగు. సీబ్‌కు పద. ఇంకొక్క తప్పు చేశావో, నేనే విమానాశ్రయంలో దింపి వస్తాను. దుకాణం నుంచి అది పది నిమిషాలు కూడా లేదు" అన్నాడు. ఆ చివరి మాటతో నాకు రోజూ విమానాల చప్పుడు వినబడటం మొదలైంది.

కత్తి ఎవరి కోసం ఎలా తిరగాలి

దుకాణంలో ముందు అద్దాల కౌంటరు, నాలుగు బల్లలు. పక్కన తెర కట్టిన గది, అందులో తివాచీ. కుటుంబాలు వస్తే అక్కడ కూర్చుంటాయి. వెనక పెరట్లో రెండు గోతులు. చిన్నది రోజువారీ మాంసానికి, పెద్దది పండుగకు. తుమ్మ కట్టెలు కాల్చి, నిప్పుల మీద మసాలా పట్టించిన మాంసం దించి, మూత వేసి, పొగ బయటికి రాకుండా తడిమట్టితో మెత్తుతాం. పొట్టేలును కోసేది కడప నుంచి వచ్చిన బాషా. వయసులో నాకంటే పెద్ద, నోరు ఇంకా పెద్ద. నాకు కత్తి పట్టడం నేర్పింది అతనే.

"కండ పోగులకు అడ్డంగా కొయ్యిరా నాయనా! నిలువుగా కోస్తే తినేటోడు సాయంత్రం దాకా నములుతుంటాడు, మన బల్ల ఖాళీ కాదు" అనేవాడు.

కొయ్యడం వారంలో వచ్చేసింది. ఎవరికెలా కొయ్యాలో తెలియడానికి రెండేళ్లు పట్టింది. చమురు కంపెనీ ఇంగ్లీషు దొర ఒకాయన వారానికోసారి వచ్చేవాడు. పళ్లెం మీద పువ్వులు కనబడేంత పల్చగా కావాలనేవాడు. పాపం, పళ్లు లేవేమో అనుకుని ఆయనకు ఇంకా మెత్తటి చోట చూసి కోసి పెట్టేవాణ్ని. ఒకరోజు అదే చేత్తో, ఎడారి నుంచి వచ్చిన ఒంటెల ఆసామికీ అలాగే కోసి పెట్టాను. ఆయన ఒక ముక్క ఎత్తి వెలుగుకు పట్టి, అందులోంచి నన్ను చూశాడు.

"దీన్ని తినాలా, కిటికీకి కట్టుకోవాలా?" అన్నాడు.

దుకాణమంతా నవ్వింది. బాషా ఎముకతో సహా పెద్ద కండ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాడు. ఆయన ఒక్క ముక్క కూడా కత్తితో తినలేదు. చేత్తో చీల్చుకు తినేవాడికి చీల్చడానికి ఏదైనా మిగల్చాలని నాకు అప్పుడు తెలిసింది.

మనవాళ్ల సంగతి వేరు. శుక్రవారం హమ్రియా నుంచి సైట్ పనివాళ్లు, మన నిజామాబాద్, కరీంనగర్ పిల్లలు గుంపుగా వచ్చేవారు. మనోళ్లే కదా అని కొవ్వు తీసేసి మంచి కండ పెడితే, "గదేంది లచ్చన్నా, సేట్లకేమో కొవ్వు, మాకేమో పీచా?" అని కొట్లాటకు వచ్చారు. ప్రేమతో చేసిన పనికి తిట్లు తినడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. అందుకే చెబుతున్నాను, తినేవాడి మొహం రెండో ముద్దప్పుడు చూడండి. మొదటి ముద్దకు అందరూ మర్యాదకు తలూపుతారు.

ముడి మీద నమ్మకం

బక్రీద్‌కు అక్కడ ఒక ఆచారం ఉంది. వాడలోని ఇళ్లన్నీ ఒకే గోతిలో మాంసం పొగబెట్టుకుంటాయి. ఎవరింట్లో వాళ్లు మసాలా కలిపి, ఆకులో చుట్టి, ఖర్జూరపాకు సంచిలో కట్టి తెస్తారు. ఒక్కో ఇంటికి ఒక్కో రేకు బిళ్ల. దాని మీద ఆ ఇంటి గుర్తు. ఇనుప తీగతో బిళ్లను సంచికి కట్టి, సంచులన్నీ ఒకేసారి గోతిలో దించి, ఒక పగలూ రాత్రీ మూసి ఉంచి, మర్నాడు తీస్తారు. ఆ గొయ్యి బాధ్యత నాది.

రెండో ఏడాది బక్రీద్‌కు పది ఇళ్ల సంచులు వచ్చాయి. అందులో ఒకటి అర్బాబ్ తల్లి మామా రయ్యాది; అక్కడ మామా అంటే అమ్మ. "మా అమ్మ చేతి మాంసం సీబ్ మొత్తంలో ఎవరికీ రాదు" అని అర్బాబ్ ప్రతి కస్టమర్‌కూ చెప్పేవాడు. సంచులన్నీ నేనే అల్లి ఇళ్లకు ఇచ్చాను, అన్నీ ఒకే కొలత. ఇప్పటికి దాచాను కానీ గోతిలోకి వెళ్లినవి పది కాదు, పదకొండు. మా రూమ్‌వాళ్లం కలిసి సగం మేక కొన్నాం. ధనియాలు, ఎండుకొబ్బరి, నువ్వులు, ఎల్లిగడ్డ కారం దట్టించి, మాదొకటి అడుగున దించాను. వాడ గోతిలో పనివాళ్ల మాంసం పెట్టకూడదు. తెలిసే చేశాను.

అసలు తప్పు అది కూడా కాదు. పాత ముసలాయన ఉన్నప్పుడు ఒకసారి ఇనుప తీగ జారి బిళ్ల ఊడిందని విన్నాను. తీగ మీద నాకు నమ్మకం పోయింది. నేను తాటిచెట్టు మీద తాడుకు ప్రాణం అప్పజెప్పి బతికినవాణ్ని. నా ముడి ఊడిందన్న మాట మా వంశంలో లేదు. తీగలన్నీ పక్కన పడేసి, నారతో బిళ్లలు కట్టాను.

"నార కాలదా?" అన్నాడు బాషా.

"నా ముడి ఊడదే బాషన్నా, నువ్వు చూస్తుండు!" అన్నాను.

మర్నాడు పొద్దున్నే వాడ పెద్దలందరి ముందు మూత ఎత్తాం. ఘుమఘుమలు వీధి చివరిదాకా వెళ్లాయి. తడిపి పెట్టిన సంచులు పైన నల్లబడినా గట్టిగానే ఉన్నాయి. బిళ్లలు మాత్రం ఒక్కదానికీ లేవు. పదీ అడుగున బూడిదలో పడి ఉన్నాయి. ముడి ఊడలేదు. తాడే కాలిపోయింది. నాకు వెంటనే పది నిమిషాల దూరంలో ఉన్న విమానాశ్రయం గుర్తుకొచ్చింది.

తెర వెనక పళ్లాలు

అర్బాబ్ నన్నేమీ తిట్టలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. "మధ్యాహ్నం నమాజు లోపల ఎవరి సంచి వాళ్లకు చేరాలి. చేరకపోతే నీ బట్టలు సర్దుకో" అని మాత్రం అన్నాడు. పండుగ పూట పది ఇళ్ల ముందు తలవంపులైంది ఆయనకు.

ఎవరి వంట వాళ్లు రుచి చూసి గుర్తుపడతారని, సంచులు విప్పి మగవాళ్లకు తలా ముక్క పెట్టాం. పిల్లలూ, మీరు నమ్మరు. నలభై ఏళ్లు భార్య చేతి వంట తిన్నవాళ్లు ఒక్కరంటే ఒక్కరు గుర్తుపట్టలేదు. అందరూ అన్నిటినీ "ఇదే, ఇదే" అన్నారు. ఇద్దరైతే ఒకే సంచిని చెరో వైపు పట్టుకుని లాగారు.

"ఈళ్లతో కాదు, ఆడోళ్లను పిలిపించు" అన్నాడు బాషా.

ఆడవాళ్లు వచ్చి తెర వెనక తివాచీ మీద కూర్చున్నారు. నేను ఒక్కో సంచిలోంచి కాస్త కోసి పళ్లెంలో పెట్టి, ఏది ఏదో తెలియడానికి పక్కన ఖర్జూరపు గింజలు పెట్టి పంపాను. మొదటి సంచికి ఒక గింజ, రెండోదానికి రెండు, అలా పదకొండు దాకా. లెక్కలో ఒకటి ఎక్కువుందని ఆ గొడవలో ఎవరూ గమనించలేదు. లోపలి నుంచి జవాబులు చకచకా వచ్చాయి.

"మూడు గింజలది మాది. లవంగం ఎక్కువేసింది మా కోడలు, వద్దంటే వినదు."

"ఏడు మాది. ఖర్జూరం నూరి కలిపేది మేమొక్కళ్లమే."

పది గింజల పళ్లెం లోపలికి వెళ్లినప్పుడు మాత్రం ఎవరో దగ్గారు. ఎవరో నీళ్లడిగారు. ఇంకెవరో "అల్హందులిల్లా, ఇది మాది కాదు" అన్నారు. తెర వెనకంతా కిసుక్కుమంది. అది ఎవరిదో వాళ్లందరికీ తెలుసు, చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. పదకొండో పళ్లెం నాలుగుసార్లు లోపలే తిరిగి ఖాళీగా బయటికొచ్చింది. అదీ ఎవరిదీ కాదన్నారు.

తొమ్మిది ఇళ్లూ సంచులు మోసుకుని వెళ్లిపోయాయి. మామా రయ్యా మోకాళ్ల నొప్పితో రాలేదు. కౌంటరు మీద రెండు సంచులు, ఎదురుగా అర్బాబ్.

రెండిట్లో ఒకటి

ఆయన ముందు పదోదాన్ని నోట్లో పెట్టుకున్నాడు. మొహం ముడుచుకుపోయింది. ఉప్పు, ఎండు నిమ్మకాయ పులుపు తప్ప అందులో ఇంకేమీ తెలియదు. నేనప్పటికే రుచి చూశాను. నీళ్లు తాగి, పదకొండోది తిన్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఇంకో ముక్క తిన్నాడు.

"ఇదీ మా అమ్మ చెయ్యి" అన్నాడు. "ఆ ఉప్పుగల్లు ఏ దౌర్భాగ్యుడిదో మరి. ఎవరూ అడక్కపోతే మీ రూమ్‌కు పట్టుకుపోండి."

ఆయనను తప్పుపట్టలేను. వాళ్లింట్లో బాబాయిల ఇళ్ల మాంసం, అమ్మ కలిపిన మాంసం అన్నీ ఒకే పెద్ద పళ్లెంలో అన్నం మీద కలిపి పోస్తారు. ఏ ముక్క బాగుంటే అది అమ్మదని చిన్నప్పటి నుంచి అనుకున్నాడు. విడిగా తినడం అదే మొదటిసారి.

నిజం చెబితే రెండు తప్పులు ఒప్పుకోవాలి. గోతిలో దొంగసంచి పెట్టినందుకు ఒకటి, వాళ్లమ్మ వంటను నా వంటతో పోల్చినందుకు రెండు. బాషా నా కాలు తొక్కాడు. నేను నోరు మూసుకున్నాను. ఒకేసారి ఇరవై మందికి కోసి పెట్టినప్పుడు కూడా ఆ రోజు పట్టినంత చెమట నాకెప్పుడూ పట్టలేదు. అర్బాబ్ మా సంచి భుజాన వేసుకుని ఇంటికెళ్లాడు. మేం ఆ ఉప్పు మాంసాన్ని మూడు రోజులు అన్నంలో నంజుకుని తిన్నాం.

మామా రయ్యా పిలిచింది

నాలుగో రోజు డ్రైవర్ వచ్చి "మామా పిలుస్తోంది" అన్నాడు. బట్టలు సర్దుకునే వెళ్లాను.

వాకిట్లో చాప మీద కూర్చుని ఉంది. నన్నూ కూర్చోమంది. చేదు కాఫీ పోసింది.

"నా కొడుకు నీ మాంసం తెచ్చి, నా ముందు కూర్చుని, నా చేతిని పొగుడుతూ తిన్నాడు" అంది. "ముక్కల మీద నువ్వులు కనబడ్డాయి, మా వాడలో ఎవరూ వెయ్యరు. అందులో ఇంకా ఏం కలిపావు?"

దాచి లాభం లేదు. చెప్పాను. కొబ్బరి దగ్గర ఆపి, మళ్లీ చెప్పించుకుంది.

"మరి నాదెవరు తిన్నారు?"

"మేమే మామా."

"ఎలా ఉంది?"

బాగుందని నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె కళ్లు చూసి మింగేశాను. "ఉప్పు కొంచెం ఎక్కువైంది మామా."

"కొంచెమా?"

"చాలా."

తల మీది ముసుగుతో నోరు కప్పుకుని నవ్వింది. ఎప్పటి నుంచో వాసన, రుచి తెలియడం లేదట. ఎవరికీ చెప్పలేదట. తగ్గించి వెయ్యి మామా, నేను కొలిచి ఇస్తానన్నాను. ఆ మాటకు కోపమొచ్చింది. "మా అమ్మ పిడికిలితో వేసేది. నేనూ పిడికిలితోనే వేస్తాను. నా చెయ్యి నాది" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది.

"వాడు అంత సంతోషంగా తినడం చాలా రోజులకు చూశాను. ఏటా నా బిళ్ల నీ సంచికి కట్టు. నాది నువ్వు తిను. నేను బతికుండగా వాడికి చెప్పొద్దు. చెబితే నేనే నీకు టికెట్ ఇప్పిస్తాను."

మొత్తం ఏడు బక్రీద్‌లు అలాగే జరిగాయి. బిళ్లలు ఇనుప తీగతోనే కట్టాను, అది వేరే చెప్పాలా? ఏటా అర్బాబ్ కస్టమర్ల ముందు అమ్మ చేతిని ఆకాశానికెత్తేవాడు. ఏటా బాషా మూకుడు ముందు కూర్చుని తల పట్టుకునేవాడు.

"మల్లా ఆ ఉప్పుగల్లేనా లచ్చన్నా? ఒక్క అబద్ధానికి ఇన్నేండ్లు శిక్షంటే మా కడప జైల్లోగూడా లేదు."

తిట్టుకుంటూనే ఒక్క ముక్క పారేయకుండా తిన్నాం. ఎవరో పెద్దావిడ నొప్పి మోకాళ్లతో కూర్చుని కలిపిందన్న సంగతి మాకు తెలుసు.

ఎనిమిదో బక్రీద్

ఆ ఏడు ఎండలు ముదరకముందే మామా రయ్యా పోయింది. బక్రీద్‌కు వారం ముందు అర్బాబ్ దుకాణానికి వచ్చి, ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కాకుండా కౌంటరుకు ఇవతల, కస్టమర్లు కూర్చునే బల్ల దగ్గర కూర్చున్నాడు.

"పోయే ముందు అమ్మ అంతా చెప్పింది" అన్నాడు.

నేను కత్తి కింద పెట్టాను. ఏడేళ్లుగా రాని టికెట్ ఇప్పుడొచ్చిందనుకున్నాను.

"ఏడేళ్లు నీ వంట తిని మా అమ్మను పొగిడాను. మా అమ్మ వంట నువ్వు తిన్నావు. నాకు దాని రుచే తెలియదు లచ్చన్నా. తెలిసింది నీకూ బాషాకూ మాత్రమే. ఈ పండుగకు నాకు అది చేసిపెట్టు."

పదేళ్ల ఉద్యోగంలో నాకు ఏడుపొచ్చింది అప్పుడే. కత్తి తుడుస్తున్నట్టు అటు తిరిగాను.

రాసుకున్న లెక్క ఏదీ లేదు. నా నాలుకను అడిగి అడిగి కలిపాను. ఎండు నిమ్మకాయలు ఇన్ని, వెనిగర్ ఇంత. ఉప్పు రెండు పిడికిళ్లు వేశాక బాషా నా చెయ్యి పట్టుకున్నాడు.

"సాల్లే లచ్చన్నా, మనిసి సస్తాడు!"

"మామా ఇంకో పిడికెడు ఏస్తదే" అన్నాను. అతను కొంచెం నోట్లో వేసుకుని, "ఔ, నిజమే" అని చెయ్యి వదిలాడు.

పండుగ మర్నాడు గొయ్యి తీసి, కండను పెద్ద పెద్ద ముక్కలుగా, చీల్చుకు తినేలా కోసి పెట్టాను. అర్బాబ్ మొదటి ముద్ద తిన్నాడు. నేను చూడలేదు. రెండో ముద్దకు మొహం చూశాను. ముడుచుకుపోయి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అది ఉప్పుకో, పులుపుకో, ఇంకెందుకో నేను చెప్పలేను.

"ఏడేళ్లు ఇదే తిన్నారా?" అన్నాడు.

"ఇదే అర్బాబ్."

"మొత్తం?"

"ఎముక కూడా వదల్లేదు."

ముందు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ బల్ల మీద తల పెట్టుకున్నాడు. బాషా నీళ్ల జగ్గు తెచ్చి పక్కన పెట్టాడు. అర్బాబ్ లేచి, మొహం కడుక్కుని వచ్చి, మళ్లీ కూర్చుని తినడం మొదలుపెట్టాడు. ముద్దకో గ్లాసు నీళ్లు తాగుతూ పళ్లెం ఖాళీ చేశాడు.

"ఇంకా ఉందా?" అని అడిగాడు.

మా రూమ్ కోసం పక్కన పెట్టిన ముక్కలు కూడా తెచ్చి ఆయన పళ్లెంలో వేశాను.